'పారనాయిక్' (1963): చెల్లెలికి పిచ్చి అని ఎవరు తేల్చాలి?

అడిగిన ప్రశ్న: హ్యామర్ కంపెనీ తీసిన 'పారనాయిక్' చూశాను. మూడు వారాల్లో ఆస్తి చేతికి రాబోతుంటే సైమన్ చెల్లెల్ని పిచ్చిదాన్ని చేయడానికి ఎందుకంత తాపత్రయపడతాడు? చనిపోయిన అన్న పేరు చెప్పుకుని ఎవడో వస్తే మెడపట్టి గెంటకుండా ఇంట్లో ఎలా ఉండనిచ్చారు? ఆ మాస్కు మనిషి గొడవేమిటి? మొత్తానికి ఇది 'సైకో'కి కాపీయేనా?

జవాబు:

నేను వారసత్వపు దావాలు నడిపే లాయర్ని. పాత బ్రిటిష్ సినిమాలంటే పిచ్చి. ఈ రెండూ కలిసే చోటే ఈ సినిమా ఉంది కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది. మీరు చూసేశారు గనక ముగింపుతో సహా అన్నీ చెప్పేస్తున్నాను. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోతే మంచిది.

ముందు కథ రెండు ముక్కల్లో. ఆష్బీ వాళ్ళది బాగా కలిగిన కుటుంబం. తల్లిదండ్రులు పదకొండేళ్ళ క్రితం విమాన ప్రమాదంలో పోయారు. ఆ తర్వాత మూడేళ్ళకు కొడుకు టోనీ ఒక చీటీ రాసిపెట్టి సముద్రపు కొండ మీద నుంచి దూకేశాడని అందరూ అనుకున్నారు. శవం మాత్రం దొరకలేదు. ఇంట్లో మిగిలింది తాగుబోతు సైమన్, మనసు బాగోలేదని అందరూ అనే ఎలెనార్, పెంచిన అత్త హారియెట్, ఎలెనార్‌కి తోడుగా పెట్టిన ఫ్రెంచి నర్సు. అలాంటి ఇంటికి టోనీనంటూ ఒకడొస్తాడు.

మీ మొదటి ప్రశ్న. సైమన్‌కి ఆస్తి ఎలాగూ వస్తుంది, నిజమే. కానీ ఎలెనార్ ఆరోగ్యంగా, తెలివిగా ఉన్నంతకాలం అతను ఒంటరి యజమాని కాలేడు. లెక్కలు అడిగే హక్కున్న మనిషి ఒకరు ఇంట్లోనే తిరుగుతూ ఉంటుంది. అదే ఆమెకు మతి స్థిమితం లేదని తేలితే వాటా ఆమెదే అయినా పెత్తనం ఆమెది కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో అలాంటివాళ్ళ ఆస్తిని కోర్ట్ ఆఫ్ ప్రొటెక్షన్ తన అజమాయిషీలోకి తీసుకుని, చూసుకోవడానికి ఒక రిసీవర్ని నియమించేది. ఆ రిసీవర్ చాలాసార్లు సొంత బంధువే.

సినిమా తీసింది 1962లో. అప్పటికి మూడేళ్ళ ముందే, 1959లో, బ్రిటన్‌లో కొత్త మెంటల్ హెల్త్ చట్టం వచ్చింది. అంతకుముందు 1890 నాటి చట్టం ప్రకారం ఒక మనిషిని ఇష్టం లేకుండా పిచ్చాసుపత్రిలో పెట్టాలంటే సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. కొత్త చట్టం ఆ మేజిస్ట్రేటును పక్కకు తప్పించింది. ఇద్దరు డాక్టర్ల సిఫారసు, దగ్గరి బంధువు దరఖాస్తు ఉంటే సరిపోతుంది. ఆ దరఖాస్తు బంధువు బదులు ప్రభుత్వ మానసిక సంక్షేమాధికారి అయినా పెట్టొచ్చు. ఆ చట్టంలో దగ్గరి బంధువంటే ఎవరో వరస రాసి ఉంటుంది: భర్త లేదా భార్య, తర్వాత పిల్లలు, తండ్రి, తల్లి, ఆ తర్వాత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. ఎలెనార్‌కి పెళ్ళి కాలేదు, తల్లిదండ్రులు లేరు. ఇక మిగిలిందెవరు? సైమన్!

ఈ సెక్షన్ల గొడవ సినిమాలో ఎక్కడా చెప్పరు, చెప్పాల్సిన పనీ లేదు. మేజిస్ట్రేటు ముందు నిలబెట్టే శ్రమ లేకుండా, ఇంట్లోవాళ్ళూ డాక్టర్లూ కలిస్తే ఆడపిల్ల తలుపు వెనక్కి వెళ్ళిపోతుందన్న భయం అప్పటి ప్రేక్షకులకు కొత్త కాదు. ఆస్తి ఉన్న ఆడవాళ్ళని పిచ్చివాళ్ళుగా ముద్ర వేసి లోపల పడేసే కథలు ఇంగ్లండ్‌లో విక్టోరియా కాలం నుంచీ ఉన్నాయి. ఎలెనార్‌కి నర్సుని పెట్టడం కూడా ఆ వరసలోదే. రేపు ఎవరైనా అడిగితే 'చూడండి, ఎప్పటినుంచో నర్సు కూడా ఉంది' అనొచ్చు. కోర్టు పక్షి ఎవరైనా ఇట్టే పసిగట్టే ఎత్తు అది. పైగా ఆ నర్సు ఫ్రాన్స్వాజ్‌కి సైమన్‌తో సంబంధం ఉందని మీకు తెలుసు కదా. సాక్షిని ముందే కొనేసినట్టు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఎలెనార్ చూశానన్నవన్నీ నిజంగా ఉన్నవే. చర్చిలో మనిషిని చూసి స్పృహ తప్పుతుంది. అక్కడ నిజంగానే మనిషి ఉన్నాడు. ఇంటి ఆవరణలో చూశానంటుంది. అప్పుడూ ఉన్నాడు. ఆమె పొరపడింది ఒక్కచోటే, ఆ వచ్చినవాణ్ణి అన్న అనుకోవడంలో. ఆ మాత్రం పొరపాటు తెలివైనవాళ్ళెవరైనా చేస్తారు, ఎందుకంటే అతనికి ట్రైనింగిచ్చి మరీ పంపారు. సాక్షిగా బోనులో నిలబెట్టాల్సి వస్తే ఆ ఇంట్లో నేను పిలిచేది ఎలెనార్‌నే. మిగతావాళ్ళంతా చూసింది దాస్తారు.

రెండో ప్రశ్న, గెంటెయ్యలేదేం అని. ఇది మొత్తం కథలో నాకు బాగా నచ్చిన ముడి.

శవం దొరకని మనిషి చనిపోయాడని చట్టం ఎప్పుడు ఒప్పుకుంటుంది? ఏడేళ్ళు అతని జాడ ఎవరికీ తెలియకపోతే చనిపోయినట్టు భావించొచ్చని ఇంగ్లండ్ కోర్టులు ఎప్పటినుంచో అంటున్నాయి. మన పాత ఎవిడెన్స్ యాక్టులోని 108వ సెక్షన్ అక్కడి నుంచి వచ్చిందే. టోనీ పోయి సినిమాలో ఎనిమిదేళ్ళు. అంటే గడువు దాటింది. కానీ అది భావన మాత్రమే, మనిషి వచ్చి గుమ్మంలో నిలబడితే అది నిలవదు. అప్పుడు వాదన 'చచ్చాడా, బతికాడా' నుంచి 'వీడు వాడేనా' అనే దానికి మారిపోతుంది. వచ్చినవాడు అడిగిన ప్రశ్నలకి జవాబు చెబుతున్నాడు, చెల్లెలు గుర్తుపట్టింది. గెంటేయాలంటే పక్కా కారణం కావాలి.

అతను దొంగ టోనీ అని ఆ ఇంట్లో నూటికి నూరుపాళ్ళు తెలిసినవాళ్ళు ఇద్దరే. ఎందుకంటే అసలు టోనీ శవం ఎక్కడుందో వాళ్ళకి తెలుసు. చిన్నప్పుడే అన్నని చంపి, శవాన్ని ఎస్టేటు చాపెల్లో, అంటే ఇంటివాళ్ళ చిన్న చర్చిలో, ఆర్గాన్ అనే పెద్ద సంగీత వాద్యం వెనక గోడలో దాచింది సైమనే. ఆ సంగతి అత్తకి తెలుసు. ఇప్పుడు 'వీడు మా టోనీ కాదు' అని గట్టిగా అంటే 'మీకెలా తెలుసు?' అనే ప్రశ్న వస్తుంది. దానికి నిజమైన జవాబు ఒక్కటే, అది గోడలో ఉంది. అందుకే అత్త నమ్మనంటూ మొండికేస్తుందే తప్ప రుజువు చూపించలేదు. సైమన్ ఎదురు వాదించడం మానేసి కారు బ్రేకులు చెడగొట్టే దారి పడతాడు. కొండ అంచున ఆ కారు సీను చూసినప్పుడు చాలామంది అదో థ్రిల్ కోసం పెట్టారనుకుంటారు. వాదించే దారి మూసుకుపోయినవాడికి మిగిలేది అదే.

ఇక ఆ దొంగ టోనీని పంపిందెవరు? కుటుంబ లాయరు కోసెట్ కొడుకు కీత్. ఆష్బీ ఆస్తిని చూసే ట్రస్టు డబ్బు తినేశాడు. ఆస్తి సైమన్ చేతికి వెళితే లెక్కలు బయటపడతాయి. అందుకని తన మాట వినే వారసుణ్ణి ఒకణ్ణి తయారుచేశాడు. మా వృత్తికి ఏమాత్రం గౌరవం తెచ్చే పాత్ర కాదు గానీ, ఇలాంటి కేసుల్లో మోసగాడికి ఇంటి గుట్టు అందించేది ఎప్పుడూ లోపలివాడేనన్న మాట మాత్రం నిజం.

ఇలాంటి కథలన్నిటి వెనకా ఇంగ్లండ్‌లో ఒక నిజం కేసు ఉంది, టిచ్‌బోర్న్ కేసు. రోజర్ టిచ్‌బోర్న్ అనే జమీందారీ వారసుడు 1854లో ఓడ మునిగి పోయాడు. తల్లి నమ్మలేదు, పత్రికల్లో ప్రకటనలు ఇప్పించింది. ఆస్ట్రేలియాలో వాగా వాగా అనే ఊళ్ళో మాంసం కొట్టు నడిపే ఒకడు 'నేనే రోజర్ని' అని వచ్చాడు. అసలు రోజర్ చిన్నతనమంతా పారిస్‌లో గడిచింది, వచ్చినవాడికి ఫ్రెంచి రాదు. అసలు రోజర్ సన్నగా ఉండేవాడు, వీడు భారీకాయం. అయినా తల్లి కొడుకే అంది. సివిల్ దావా ఓడిపోయాక అబద్ధపు సాక్ష్యం కేసులో 188 రోజుల విచారణ జరిగి 1874లో 14 ఏళ్ళ శిక్ష పడింది. మన దేశంలో బెంగాల్ భవాల్ సన్యాసి కేసు దీనికి అన్నదమ్ముల వరస. 1909లో డార్జిలింగ్‌లో చనిపోయాడన్న జమీందారు సన్యాసిగా తిరిగొస్తే, ఆ కేసు 1946లో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. అక్కడ సన్యాసే గెలిచాడు. అదీ సినిమా కథంత వింతే.

సినిమాకి ఆధారం జోసఫిన్ టే 1949లో రాసిన 'బ్రాట్ ఫరార్' నవల. అందులో పిచ్చి లేదు, మాస్కు లేదు, గోడలో శవం లేదు. గుర్రాలు పెంచే కుటుంబం, సైమన్ కవల అన్న పేరుతో వచ్చే అనాథ కుర్రాడు. అక్కడ అత్త పేరు బీ. నవలలో అందరికన్నా మంచి మనిషి ఆవిడే. స్క్రీన్‌ప్లే రాసిన జిమ్మీ శాంగ్‌స్టర్ చేసిన పెద్ద మార్పు ఏదంటే నేను శవం అనను, ఆ అత్త అంటాను. పిల్లల్ని సొంత తల్లిలా చూసుకున్న బీ స్థానంలో హారియెట్‌ని పెట్టాడు. ఈవిడా పిల్లల్ని పెంచింది, ఈవిడకీ ప్రేమ ఉంది. కానీ ఆ ప్రేమంతా ఒక్క సైమన్ మీదే.

మూడో ప్రశ్నకి జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఆ మాస్కు మనిషి హారియెట్టే. రాత్రిళ్ళు చాపెల్లోంచి ఆర్గాన్ మోగుతుంది, పిల్లవాడి గొంతుతో పాట వినిపిస్తుంది. దొంగ టోనీ వెళ్ళి చూస్తే వికారంగా నవ్వే మాస్కు పెట్టుకుని, చర్చి పాటల పిల్లల తెల్ల అంగీ వేసుకున్న ఆకారం కొక్కెంతో మీద పడుతుంది. తర్వాత తెలిసేదేమిటంటే ఆర్గాన్ వాయించేది సైమన్. పాట, చనిపోయిన టోనీ గొంతు రికార్డింగు. టోనీ ఇంకా ఉన్నాడన్న భ్రమలో సైమన్ కుదురుగా ఉంటాడని, అత్త టోనీ వేషం వేసుకుని పక్కన నిలబడుతుంది. ఏళ్ళ తరబడి ఇదే తంతు!

అంటే ఒక ఇంట్లో ఒకడికి నిజంగా పిచ్చి. అతనికి వైద్యం లేదు, వేషాలు వేసి మరీ ఆ పిచ్చిని కాపాడుతున్నారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లకి మాత్రం నర్సు, మందులు, జాలి చూపులు. ఎందుకంటే ఒకడు ఇంటి పేరు నిలబెట్టాల్సిన మగపిల్లవాడు. ఈ సినిమాని నేను అత్త కోసమే మళ్ళీ మళ్ళీ చూస్తాను. షీలా బరెల్ ఆ పాత్రని ఒక్క అంగుళం కూడా ఎక్కువ చేయకుండా నిలబెట్టింది. హారియెట్ విలన్‌లా అరవదు. ఇంటి వంటవాడికి పని చెప్పినంత మామూలుగా మాట్లాడుతుంది, అందుకే భయమేస్తుంది. రెండోసారి చూసేటప్పుడు సైమన్ మీద కాకుండా, సైమన్‌ని ఆమె చూసే చూపు మీద కన్నేసి ఉంచండి.

ఆలివర్ రీడ్ సంగతి చెప్పకపోతే మహాపాపం. 'గ్లాడియేటర్'లో ప్రాక్సిమోగా వేసిన ముసలాయన ఈయనే. ఈ సినిమా తీసేనాటికి ఇరవై నాలుగేళ్ళు. మొదటి సీన్లోనే చర్చిలో చనిపోయినవాళ్ళ జ్ఞాపకార్థం పాస్టరు గారు గంభీరంగా మాట్లాడుతుంటే ఈయన ఆర్గాన్ దగ్గర కూర్చుని సిగరెట్ కాలుస్తుంటాడు. చూడగానే మనకి వీడు పొగరుబోతు అని అర్థమవుతుంది. ఆర్గాన్ అనే వస్తువు కథలో ఎంత పెద్ద పని చేయబోతోందో అప్పుడు తెలియదు. చంపిన అన్న సంతాప సభలో చంపినవాడే సంగీతం వాయిస్తున్నాడన్న సంగతి రెండోసారి చూసినప్పుడే తగులుతుంది. పబ్బులో డార్ట్ బాణాలు పట్టుకుని ఒకడి మీదికి వెళ్ళే సీను కూడా అంతే. ఆ చేతికి ఎక్కడ ఆగాలో తెలియదని మొహం చూస్తేనే తెలిసిపోతుంది. కొన్నిచోట్ల ఓవర్ చేశాడన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఈ పాత్రకి ఆ ఓవరే అవసరం. అందరి ముందూ ఇంత బాహాటంగా పిచ్చిగా ఉన్నవాణ్ణి 'కుర్రాడు కాస్త తాగుతాడు' అని సర్దుకుపోవడమే ఆ ఇంటి జబ్బు కదా.

ఎలెనార్‌గా జానెట్ స్కాట్ బాగా చేసింది. అన్న అనుకున్నవాడి మీద ప్రేమ పుడుతున్నప్పుడు, అది ఎలాంటి ప్రేమో తనకే అర్థమై హడలిపోయే ఘట్టం 1963 సినిమాకి చాలా సాహసం. ఆమె చేయి కోసుకున్నాక గానీ అతను 'నేను మీ అన్నని కాను' అని నోరు విప్పడు. ఈ ట్రాక్‌ని ఇంకాస్త నిదానంగా నడిపి ఉంటే బాగుండేది. 80 నిమిషాల సినిమాలో దానికి తీరికెక్కడ? దొంగ టోనీ పాత్రకి ఆకర్షణ తక్కువ. అలెగ్జాండర్ డేవియన్ మంచి నటుడే అయినా పక్కన రీడ్ ఉంటే ఎవరైనా వెలవెలబోతారు.

ఇప్పుడు 'సైకో' సంగతి. కాపీ అనడం అన్యాయం. హిచ్‌కాక్ సినిమా 1960లో వచ్చి బ్లాక్ అండ్ వైట్ థ్రిల్లర్లకి గిరాకీ పెంచిన మాట వాస్తవం. గోడలోని ఎండిపోయిన శవం కూడా అటువైపే వేలు చూపిస్తుంది. కానీ శాంగ్‌స్టర్ మనసులో ఉన్నది అంతకన్నా ముందు, 1955లో వచ్చిన 'లే దియాబోలిక్' అనే ఫ్రెంచి సినిమా. అందులో మనిషిని హడలగొట్టే పనిని ప్లాన్ వేసి చేస్తారు. 1961లో ఆయన రాసిన 'టేస్ట్ ఆఫ్ ఫియర్' నుంచి హ్యామర్ ఈ తరహా సినిమాలు వరసగా తీసింది: 'మేనియాక్', 'పారనాయిక్', 'నైట్‌మేర్', 'హిస్టీరియా'. డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టైన్‌లతో రంగుల్లో డబ్బు చేసుకున్న కంపెనీ, పక్కనే తక్కువ ఖర్చుతో నలుపు తెలుపుల్లో నడుపుకున్న రెండో దుకాణం ఇది. 'సైకో' పిచ్చివాడెవరో చివరిదాకా దాస్తుంది. 'పారనాయిక్' దాన్ని పెద్దగా దాచదు. ఆ పిచ్చికి అన్నం పెట్టి పెంచిందెవరో దాస్తుంది. రెండూ వేరే వేరే సినిమాలు.

దర్శకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ అసలు కెమెరామన్. 'సన్స్ అండ్ లవర్స్'కి ఆస్కార్ అందుకున్నాడు, మళ్ళీ 1989 నాటి 'గ్లోరీ'కి రెండోది. ఈ సినిమాకి కెమెరా ఆర్థర్ గ్రాంట్‌ది అయినా ఫ్రేము పెట్టే తీరులో ఫ్రాన్సిస్ చెయ్యి కనిపిస్తుంది. వెడల్పాటి తెర మీద ఒక కొసన మనిషిని నిలబెట్టి, మిగతా చోటంతా ఖాళీగా వదిలేస్తాడు. ఎలెనార్ ఒంటరితనం డైలాగుల్లో కన్నా ఆ ఖాళీలో ఎక్కువ తెలుస్తుంది. అందుకే మీరు చూసిన ప్రింటు టీవీకి తగ్గట్టు పక్కలు కోసినదైతే సగం సినిమా చూడనట్టే.

సంగీతం ఎలిజబెత్ లుట్యెన్స్. ఈవిడ గురించి మనవాళ్ళకి ఒక ముచ్చట చెప్పాలి. ఢిల్లీలో నిజాం కోసం హైదరాబాద్ హౌస్ డిజైన్ చేసిన ఎడ్విన్ లుట్యెన్స్ కూతురు ఈవిడ. తల్లి ఎమిలీ దివ్యజ్ఞాన సమాజంలో పనిచేస్తూ మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని కన్నకొడుకులా చూసుకుంది. ఎలిజబెత్ చెల్లెలు మేరీ ఆయన జీవితచరిత్ర రాసింది. ఎలిజబెత్ మాత్రం చెవికి ఇంపుగా లేని ఆధునిక సంగీతం వైపు వెళ్ళి, పొట్టకూటికి హారర్ సినిమాలకి వాయిద్యాలు కూర్చింది. ఈ సినిమాలో మెలోడీ దొరుకుతుందేమో అని వెతికితే దొరకదు. తెగి తెగి వచ్చే ఆ స్వరాలే టెన్షన్‌ని నిలబెడతాయి.

ముగింపు గురించి మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది దాన్ని హడావిడి అంటారు. చాపెల్ అంటుకుంటుంది. సైమన్‌కి బయటపడే అవకాశం ఉంది. అయినా లోపలికే వెళ్ళి అన్న శవాన్ని కావలించుకుంటాడు. ఆస్తి కోసం ఇంత చేసినవాడు ఆ క్షణంలో ఆస్తి మాటే ఎత్తడు. అప్పటిదాకా డబ్బు కథ అనుకున్నది ఒక్కసారిగా చిన్నపిల్లల గదిలో మొదలైన అసూయ కథగా మారిపోతుంది. నటన, మంటలు, సంగీతం అన్నీ మోతాదు మించినా ఆ ఒక్క నిర్ణయం మాత్రం పాత్ర స్వభావానికి సరిగ్గా అతికింది.

ఇది నచ్చితే తర్వాత 'టేస్ట్ ఆఫ్ ఫియర్' చూడండి, ముడి ఇంతకన్నా బిగువుగా ఉంటుంది. ఫ్రాన్సిస్ తీసిన 'నైట్‌మేర్' మొదటి సగం అద్భుతం, రెండో సగం ఫర్వాలేదు. 'హిస్టీరియా' ఖాళీ ఉంటేనే. నవల మాత్రం విడిగా చదవండి. సినిమా తెలిసినా నష్టం లేదు, ఎందుకంటే వచ్చిన కుర్రాడెవరన్న దానికి నవల చెప్పే జవాబు వేరే.